పరదేశపు చదువుకు స్వదేశపు ముద్ర

1958వ సంవత్సరమున రోము విశ్వవిద్యాలయపు కార్యాలయములో ఒక కిటికీ ఎదుట ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని నిలిచియుండెను. ఆమె పేరు సోఫియా కొర్రాది. అప్పటి కామె ప్రాయము ఇరువదినాలుగేండ్లలోపు. అంతకు ముందటి యేడు ఫుల్‌బ్రైట్ విద్యార్థివేతనముపై అమెరికా వెళ్ళి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున తులనాత్మక న్యాయశాస్త్రములో మాస్టరు పట్టము పొంది తిరిగి వచ్చెను. అక్కడ చదివిన చదువును, రోములో తాను పూర్తి చేయవలసిన చదువు క్రింద జమ కట్టవలసినదని ఆమె కోరిక. గుమాస్తా కాగితము చూచెను. ఆ విశ్వవిద్యాలయపు పేరే తాను వినలేదనెను. అంతటితో ఊరకుండక, తోడి విద్యార్థులు వినుచుండగా కేకలు వేసి, విదేశములలో విహారము చేసివచ్చి చదివితినని చెప్పుట మాని ఇకనైన కూర్చుండి చదువుకొమ్మని మందలించెను.

అతడు పేరు వినని ఆ విశ్వవిద్యాలయము 1754లో స్థాపింపబడినది. మన అంబేద్కరు 1913 మొదలు 1916 వరకు అర్థశాస్త్రము చదివినది అక్కడనే. అయినను సోఫియా కొర్రాది సంపాదించిన పట్టము రోములో చెల్లలేదు. మిగిలిన పరీక్షలన్నియు యథావిధిగా రోములోనే ముగించుకొని ఆమె తన పట్టము పుచ్చుకొనవలసివచ్చెను.

ఆ గుమాస్తా నోటి దురుసుతనమును ఎవరును సమర్థింపజాలరు. కాని అతడు మర్యాదగా మాటాడినను ఫలితము వేరుగా ఉండెడిది కాదు. ఆ నాటి ఇటలీలో ఏ పట్టమునకు ఏయే విషయములు చదువవలెనో ప్రభుత్వము పట్టికలు వేసి నిర్ణయించియుండెను. పట్టమునకు చట్టపు విలువ కలదు. పట్టము లేనిదే న్యాయవాదిగాని, ప్రభుత్వోద్యోగిగాని కానేరడు. పట్టికలో లేని చదువు ఎంత గొప్పదైనను లెక్కకు రాదు. ఇది ఇటలీకి మాత్రమే పట్టిన జాడ్యము కాదు. నిన్న మొన్నటివరకు మన విశ్వవిద్యాలయములలోను ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు బదిలీ అయిన ఉద్యోగి కుమారుడు, ఏ రెండవ సంవత్సరములోనో కళాశాల మారవలసివచ్చినపుడు ఎన్ని కాగితములు మోసెడివాడో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

ఆమెను అమెరికాకు పంపిన విద్యార్థివేతనపు పుట్టుక కూడ విచిత్రమైనదే. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినపుడు అమెరికా సైన్యమునకు చెందిన సామగ్రి దేశదేశములందు కుప్పలుగా మిగిలిపోయెను. దానిని కొనదలచిన ప్రభుత్వములయొద్ద డాలర్లు లేవు. ఆర్కాన్సా రాష్ట్రమునుండి ఎన్నికైన సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ అనునాయన ఒక ఉపాయము చెప్పెను. ఆ సామగ్రి వెలను ఆయా దేశపు నాణెములలోనే పుచ్చుకొని, ఆ ధనమును విద్యార్థుల, ఆచార్యుల రాకపోకలకు వినియోగింపవచ్చునని ఆయన సూచన. ఆయనయు యౌవనమున రోడ్స్ విద్యార్థివేతనముపై ఆక్స్‌ఫర్డులో చదివినవాడే. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకముతో అది చట్టమయ్యెను. భారతదేశముతో అట్టి ఒప్పందము 1950 ఫిబ్రవరి 2న కుదిరెను. మన పక్షమున జవహర్‌లాల్ నెహ్రూ సంతకము చేసిరి. తుపాకిమందు మిగిలిన చోట పుస్తకము మొలచినదనవచ్చును. అయితే పంపుటకు ధనము సమకూర్చినవారు, తిరిగి వచ్చినవాని చదువు స్వదేశమున ఏమగునని విచారింపలేదు. ఆ లోపమే రోములోని ఆ కిటికీ యొద్ద బయటపడెను.

పట్టము పుచ్చుకొన్న పిమ్మట సోఫియా కొర్రాది విద్యాహక్కును గురించి పరిశోధన సాగించెను. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కుల పత్రములో 26వ అధికరణము విద్యను గురించినది. విద్య అందరి హక్కనుటతో అది ఆగదు. జాతుల నడుమ అవగాహనను, సహనమును, స్నేహమును పెంపొందించుట విద్యకు ధర్మమని కూడ చెప్పును. యుద్ధకాలపు రోములో బాల్యము గడపిన ఆమెకు ఆ వాక్యము కేవలము అలంకారముగా తోచలేదు. పరస్పరము చంపుకొనిన దేశముల బిడ్డలు ఒకరి తరగతిలో ఒకరు కూర్చుండినచో మరల అట్టి యుద్ధము రానేరదని ఆమె నమ్మెను.

తరువాత ఆమెకు ఇటలీ విశ్వవిద్యాలయముల రెక్టర్ల శాశ్వత సమావేశమున శాస్త్రీయ సలహాదారుగా పని దొరకెను. రెక్టర్లనగా మన వైస్ ఛాన్సలర్ల వంటివారు. సలహాదారునకు ఆజ్ఞాపించు అధికారము లేదు. నివేదిక వ్రాయవచ్చును, సభలకు హాజరు కావచ్చును, విరామసమయమున కాఫీ త్రాగుచున్న రెక్టరు ప్రక్కన నిలిచి నాలుగు మాటలు చెప్పవచ్చును. ఆమె పదునెనిమిదేండ్లు, అంతకు మించియు చేసిన పని ఇదియే. అంతర్జాతీయ విద్యాసమన్వయమను వృత్తికి నేడు అనేక విశ్వవిద్యాలయములలో ప్రత్యేక కార్యాలయములు, ఉద్యోగులు, జీతములు ఉన్నవి. ఆ దినములలో ఆ వృత్తికి పేరైనను లేదు.

1969లో ఆమె ఒక విజ్ఞాపన పత్రము సిద్ధము చేసి రెక్టర్లకు పంచెను. అందలి ప్రధానాంశము చూడ చాల చిన్నది. విదేశములోని పాఠ్యక్రమము మన పాఠ్యక్రమముతో సరిపోలునా అని తిరిగి వచ్చిన తరువాత తూచుట మానవలెను. విద్యార్థి వెళ్ళుటకు ముందే, తాను అక్కడ ఏమి చదువబోవునో ఒక ప్రణాళిక వ్రాసి తన శాఖకు సమర్పింపవలెను. శాఖ దానిని ఆమోదింపవలెను. ఆమోదించిన చదువును విద్యార్థి పూర్తిచేసి వచ్చినచో, పట్టములో భాగముగా దానిని లెక్కింపక తప్పదు.

ఇందలి యుక్తిని సావధానముగా గమనింపదగును. రోములో చెప్పు న్యాయశాస్త్రము, పారిసులో చెప్పు న్యాయశాస్త్రము ఒకటే యని నిరూపింపవలసి వచ్చినచో ఆచార్యులు ప్రళయము వచ్చువరకు వాదించుచునే యుందురు. ఆమె ఆ వాదమునే ప్రక్కకు నెట్టెను. రెండు చదువులు సమానములు కానక్కర లేదు. వేరుగా ఉండుటచేతనే పోయి చదువుట లాభము. కావలసినది సమానత్వము కాదు, ముందుగా ఇచ్చిన మాట. తిరిగి వచ్చిన విద్యార్థి కిటికీ యొద్ద యాచకుడై నిలువక, ఒప్పందము చేతబట్టుకొని నిలుచును.

అదే సంవత్సరము ఈ ప్రతిపాదన ఇటలీ విశ్వవిద్యాలయ సంస్కరణ బిల్లులో చోటు సంపాదించెను. కాని ఆ బిల్లు చట్టము కాలేదు. 1968 నాటి విద్యార్థుల ఆందోళనతో విశ్వవిద్యాలయములు అట్టుడికినట్లుడుకుచున్న కాలమది. ప్రభుత్వములు వెంట వెంట మారుచుండెను. అంతయు మొదటికి వచ్చెను. ఇట్టి చోటనే పెక్కుమంది విసిగి వేరొక పని చూచుకొందురు. ఆమె మాత్రము దేశమున చట్టము రాకున్నను దేశముల నడుమ ఏర్పాటు రావచ్చునని తలచి, జర్మనీ, ఫ్రాన్సు మొదలగు దేశముల విశ్వవిద్యాలయ ప్రముఖులకు అదే మాట మరల మరల చెప్పుచు వచ్చెను.

1976 ఫిబ్రవరిలో యూరపు ఆర్థికసమాజ దేశముల విద్యామంత్రులు ఒక కార్యక్రమమును అంగీకరించిరి. దాని క్రింద రెండు మూడు దేశముల విశ్వవిద్యాలయ శాఖలు కలిసి ఉమ్మడిగా చదువు నడుపుకొనుటకు కొద్దిపాటి ధనసహాయము లభించెను. పదేండ్లు ఈ చిన్న పథకమే నడచెను. పేరు లేని ఆ పదేండ్లలోనే అసలు విద్య అలవడినదని చెప్పవలెను. ఏ శాఖకు ఏ శాఖతో పొత్తు కుదురునో, గది ఎవరు చూపవలెనో, పరీక్ష ఎవరు పెట్టవలెనో, ఆచార్యులు తప్పులు చేయుచు నేర్చుకొనిరి.

ఇక విద్యార్థుల రాకపోకలను సమాజపు పథకముగా చేయవలెనన్న చట్టపు చిక్కు ఒకటి కలదు. 1957 నాటి రోము సంధిలో వృత్తిశిక్షణ ప్రస్తావన ఉన్నది గాని, విశ్వవిద్యాలయ విద్య మాట లేదు. ఈ చిక్కును విప్పినది మంత్రి కాదు, బొమ్మలకథలు గీయుట నేర్చుకొనబోయిన ఒక ఫ్రెంచి విద్యార్థిని. గ్రావియే అను ఆమె బెల్జియములోని లియేజ్ నగరపు కళాశాలలో చేరగా, విదేశీయురాలవు గనుక అదనపు రుసుము చెల్లింపుమనిరి. ఆమె వ్యాజ్యెము వేసెను. 1985 ఫిబ్రవరి 13న యూరపు న్యాయస్థానము, ఒక వృత్తికి సిద్ధము చేయు చదువేదైనను వృత్తిశిక్షణయే అగునని, ఆ రుసుము చెల్లదని తీర్పు చెప్పెను. బ్రస్సెల్సు నగరములోని కమిషను అధికారులు ఈ తీర్పును ఊతగొని పెద్ద పథకము రచించిరి. వారిలో వేల్సు దేశీయుడైన హైవెల్ కెరి జోన్స్ ముఖ్యుడు. సభ్యదేశములు ధనము విషయమున బేరమాడి కోతలు పెట్టగా, ఆ కోతల పథకము మాకక్కర లేదని కమిషను 1986 డిసెంబరులో తన ప్రతిపాదననే వెనుకకు తీసికొనెను. విద్యార్థి సంఘములు గోల చేసినవి. విశ్వవిద్యాలయములు ఉత్తరములు వ్రాసినవి. తుదకు 1987 జూన్ 15న పథకము ఆమోదము పొందెను. మొదటి మూడేండ్లకు 8 కోట్ల 50 లక్షల ఎక్యూలు కేటాయించిరి. ఎక్యూ అనునది ఆ నాటి యూరపు లెక్కల నాణెము.

ఆ పథకమునకు ఎరాస్మస్ అని పేరు పెట్టిరి. పొడవైన ఒక ఆంగ్ల నామములోని అక్షరములను కూర్చినచో వచ్చు పేరది. కాని కూర్చినవారు ఎవరిని తలచి కూర్చిరో స్పష్టమే. రాటర్‌డాములో పుట్టిన ఎరాస్మస్ పండితుడు పారిసులో చదివి, 1506లో ఇటలీలోని టూరిన్‌లో వేదాంతశాస్త్ర పట్టము పొంది, వెనిస్‌లో గ్రంథములు అచ్చువేయించి, కేంబ్రిడ్జిలో పాఠము చెప్పి, 1536లో స్విట్జర్లాండులోని బాజెల్‌లో కన్నుమూసెను. ఎక్కడికి పోయినను ఆయనకు లాటిను భాష ఒకటి చాలెను. మన నాగార్జునకొండలోను మూడవ శతాబ్దమున సింహళ భిక్షువులకు వేరుగా విహారము ఉండెడిదని బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనము చెప్పుచున్నది. ఆ భిక్షువులను మార్కుల పత్రము అడిగినవారు లేరు. పట్టము ఉద్యోగమునకు మూలమైన తరువాతనే ముద్రల బాధ మొదలయ్యెను.

మొదటి యేడు 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు పరదేశమునకు వెళ్ళిరి. 2002 నాటికి ఆ సంఖ్య పది లక్షలు చేరెను. ఉపాధ్యాయులను, వృత్తివిద్యార్థులను కలిపి లెక్కించినచో ఈనాటికి అది కోటికి పైమాటయే.

వెళ్ళినవారి సంఖ్య చెప్పుట సులభము. ఒక్కొక్కరిని పంపుటకు వెనుక ఎంత పని యున్నదో చెప్పుట కష్టము. పరదేశమునకు విద్యార్థిని పంపు సమన్వయకర్త పని, విద్యార్థి విమానమెక్కుటకు ఒక యేడాది ముందే మొదలగును. మొదట రెండు శాఖల నడుమ ఒప్పందము కావలెను: ఏటా ఎందరు వెళ్ళుదురు, ఎందరు వత్తురు, రుసుము ఎచ్చట చెల్లింతురు. పరస్పర మార్పిడిలో విద్యార్థి స్వదేశమున మాత్రమే రుసుము కట్టును గనుక, వచ్చువారు పోవువారు సరితూగకున్నచో ఒక ప్రక్కవారు నష్టపోవుదురు. పిదప విద్యార్థి చదువు ప్రణాళిక. ఆ కాగితముమీద మూడు సంతకములుండవలెను: విద్యార్థిది, పంపినవారిది, చేర్చుకొన్నవారిది. కొర్రాది 1969లో కోరినది ఈ కాగితమునే. విద్యార్థి అక్కడికి చేరిన పిమ్మట, తాను ఎన్నుకొన్న పాఠము ఆ యేడు చెప్పుట లేదని తెలియును; అప్పుడు ప్రణాళిక మార్చి మూడు సంతకములు మరల చేయింపవలెను. మధ్యలో బస, వీసా, ఆరోగ్యపు బీమా, ఇంటిమీది బెంగ. సమన్వయకర్త ఒకపూట న్యాయవాది, ఒకపూట గుమాస్తా, మరియొకపూట మేనమామ.

మార్కుల సంగతి ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఇటలీలో ఒక్కొక్క పరీక్షకు 30 మార్కులు. 18 వచ్చినచో ఉత్తీర్ణత. ఫ్రాన్సులో 20కి 10. జర్మనీలో 1 అనునది అత్యుత్తమము, 4 ఉత్తీర్ణతకు చివరి మెట్టు, 5 అనగా తప్పుట. జర్మనీలో ప్రథమశ్రేణిలో నెగ్గిన కుఱ్ఱవాడు ఆ పత్రము మన ఊరికి తెచ్చి అన్నింటను ఒకటేసి మార్కులు వచ్చినవని చూపినచో తండ్రి ఏమి చేయునో ఊహింపవచ్చును. గుణకారముతో ఈ లెక్కలు తేలవు. ఎందుకనగా ఒకచోట ఆచార్యులు చేయిచాచి మార్కులు వేయుదురు, మరొకచోట 20కి 15 వేయుటకే వ్రేళ్ళు వణకును.

అందుచేత 1989లో 145 విద్యాసంస్థలు క్రొత్త కొలత ఒకటి పరీక్షించి చూచినవి. ఒక సంవత్సరపు పూర్తి చదువునకు 60 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిట్టుకు విద్యార్థి పడవలసిన శ్రమ 25 మొదలు 30 గంటలు. తరగతిలో కూర్చున్నది, గ్రంథాలయమున చదివినది, పరీక్షకు సిద్ధపడినది అంతయు అందులో చేరును. మార్కు ఎంత వచ్చినదనునది వేరు సంగతి; చదువు ఎంత జరిగినదనునది ముందు తేలవలెను. మార్కును చదువునుండి వేరుచేసిన ఈ ఉపాయము సామాన్యమైనది కాదు. 1999 జూన్‌లో బొలోన్యా నగరమున 29 దేశముల మంత్రులు ఉమ్మడి విధానమునకు సంతకములు చేసినపుడు ఈ క్రెడిట్ల పద్ధతి అందులో భాగమయ్యెను.

ఈ పథకమున దోషములు లేకపోలేదు. ఇచ్చు వేతనము ఖర్చులన్నింటికిని చాలదు. తక్కిన భారము తల్లిదండ్రులమీద పడును గనుక, కలిగిన ఇంటి బిడ్డలకు ఉన్న వీలు లేని ఇంటి బిడ్డలకు లేదు. ధనికులు మొదటినుండియు పిల్లలను విదేశములకు పంపగలరు, ప్రభుత్వపు పథకము పేదలకొరకే కావలెనని కొర్రాది వాదము. ఆ భాగము సగమే నెరవేరెను. సంతకములు చేసిన తరువాత కూడ కొన్ని క్రెడిట్లను లెక్కింపనిరాకరించు ఆచార్యులు నేటికిని కలరు.

పత్రికలవారు ఆమెను “మమ్మా ఎరాస్మస్”, అనగా ఎరాస్మస్ అమ్మ, అని పిలిచిరి. పేరు ముద్దుగానే యున్నది. కాని బ్రస్సెల్సు అధికారులు, పేరు తెలియని శాఖాధ్యక్షులు, వ్యాజ్యెము వేసిన ఆ చిత్రలేఖన విద్యార్థిని, వీరందరి చేతులును ఆ బిడ్డను పెంచినవే. ఆమె ప్రత్యేకత, తనకు జరిగిన అవమానమును తన ఒక్కతె అవమానముగా భావింపకుండుట. తన క్రెడిట్లు తనకు దక్కవని తెలిసిన తరువాత, తనకు ఎన్నడును పనికిరాని నియమముకొరకు ఆమె పాటుపడెను. ఆమె రోము మూడవ విశ్వవిద్యాలయమున ఆజీవనవిద్యకు ఆచార్యపదవి నిర్వహించెను. 2016 మే 9న స్పెయినులోని యుస్తే మఠమున రాజు ఫెలిపే ఆమెకు ఐదవ చార్లెస్ పేరిటి యూరపు పురస్కారమును అందజేసెను. 2025 అక్టోబరులో 91వ యేట రోములో ఆమె మరణించెను.

ఎరాస్మస్ తలుపులు 2004 నుండి యూరపుకు వెలుపలివారికిని తెరచుకొన్నవి. ఎరాస్మస్ ముండుస్ అను ఆ ఉమ్మడి మాస్టరు పట్టములకు విద్యార్థి కనీసము రెండు దేశములలో చదువవలెను. భారతీయ విద్యార్థులు పెక్కుమంది ఆ వేతనములు పొందినారు, మన తెలుగు యువతీయువకులును అందులో ఉన్నారు. అయితే మన రాకపోకలు ఇంకను చాలవరకు ఏకముఖములు. మన పిల్లలు పట్టము పూర్తిగా అక్కడనే పుచ్చుకొనుటకు వెళ్ళుదురే గాని, ఆరునెలలు చదివివచ్చి ఇచ్చటి పట్టములో జమ కట్టుకొనుట అరుదు. అక్కడినుండి ఇచ్చటికి వచ్చువారు అంతకన్నను తక్కువ.

విదేశపు పట్టమునకు మన దేశమున గుర్తింపు నిచ్చు పనిని చిరకాలముగా భారతీయ విశ్వవిద్యాలయముల సంఘము చేయుచు వచ్చెను. ఈ పట్టముల గుర్తింపునకు 2025లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను ప్రత్యేక నిబంధనలు వెలువరించెను. అంతకు ముందు 2022 మే నెలలో అదే కమిషను, మన విద్యార్థి విదేశవిద్యాలయములో చదివిన క్రెడిట్లను ఇచ్చటి పట్టమున చేర్చుటకు దారి చూపెను. జంట పథకము క్రింద అవి మొత్తములో 30 శాతమునకు మించరాదు. దారి యున్నది. నడిపించు మనుష్యులు కావలెను. మన కళాశాలలలో పెక్కింట విదేశవ్యవహారములు చూచువాడు, పరీక్షల పని, ఆటల పని ముగిసిన తరువాత మిగిలిన సమయమున దానిని చూచు ఒక అధ్యాపకుడే. భాషలయందు అభిరుచి, నిబంధనలు చదువు ఓపిక, పరాయి ఊరి పిల్లవాని కష్టము వినగల చెవి కల యువతీయువకులకు ఇది జీవితకాలము చాలు వృత్తి అని పాఠశాలలో ఎవరైన చెప్పుచున్నారా అన్నది సందేహమే.

హైదరాబాదు విశ్వవిద్యాలయము 1998లో విదేశ విద్యార్థులకొరకు “స్టడీ ఇన్ ఇండియా” అను కార్యక్రమము నారంభించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును విదేశసంబంధముల కార్యాలయము కలదు. గచ్చిబౌలి ఆవరణమునకు ఒక సెమిస్టరు చదువుటకు వచ్చిన విద్యార్థిని తరగతులలో కూర్చుండును, చార్మినారు చూచును, నాలుగు తెలుగు మాటలు నేర్చి ఆటోవానితో బేరమాడును. సెమిస్టరు ముగిసి ఆమె విమానమెక్కిన తరువాత కార్యాలయములోని ఒక ఉద్యోగి, ఆమె చదివిన పాఠముల పేర్లు, బోధనాగంటలు, క్రెడిట్లు, వచ్చిన గ్రేడులు ఒక పత్రముపై వరుసగా ఎక్కించి, అచ్చటి విశ్వవిద్యాలయమునకు గడువులోపల పంపవలసియుండును.